దీనారం నుంచి డెనియర్ దాకా: తెలుగులోకి నాలుగుసార్లు వచ్చిన ఒక రోమన్ నాణెం

దీనారం, దేనారము, దినార్, డెనియర్. నాలుగూ తెలుగువాళ్లు వాడే మాటలే. కాకపోతే ఒకరు వాడేది ఇంకొకరు వాడరు. దీనారం పద్యాలు, పాత కథలు చదివినవాళ్లకు తెలుసు. దేనారము తెలుగు బైబిల్లో ఉంటుంది. దినార్ అన్నది కువైట్‌కు మనిషిని పంపిన కడప, కోనసీమ ఇళ్లలో రోజూ వినపడేదే. డెనియర్ ధర్మవరంలో ముడిపట్టు కొనేవాళ్ల నోట ఉంటుంది. స్కూల్ బ్యాగు కొనేముందు దానికి వేలాడే అట్టముక్క చదివే అలవాటున్నవాళ్లకూ కనపడుతుంది. ఒకటి బంగారం, ఒకటి రోజు కూలి, ఒకటి పరాయి దేశపు నోటు, ఒకటి దారం కొలత. వీటికి చుట్టరికం ఉందంటే వెంటనే నమ్మబుద్ధి కాదు. కానీ నాలుగూ ‘దేనారియుస్’ అనే ఒకే లాటిన్ మాట నుంచి వచ్చాయి. వచ్చిన కాలాలు వేరు, తెచ్చిన మనుషులు వేరు.

మాటల పుట్టుక వెతికేటప్పుడు మనకో అలవాటుంది. రెండు మాటలు ఒకేలా వినపడితే చాలు, బంధుత్వం కలిపేస్తాం. నాణేల పేర్ల విషయంలో ఆ పద్ధతి తరచూ దారి తప్పిస్తుంది. ఆ డబ్బు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో చూస్తేనే దాని పేరు ఎలా కదిలిందో తెలుస్తుంది. కాబట్టి ముందు నాణెం సంగతి చూద్దాం.

లాటిన్‌లో పదిని ‘దెకెమ్’ అంటారు. ‘పదేసి’ అనడానికి ‘దేనీ’ అనే వేరే రూపం ఉంది. దాని నుంచి పుట్టిన విశేషణం దేనారియుస్, అంటే ‘పదేసి కలిగినది’. ఇక్కడ పదేసి అన్నది ‘అస్’ అనే కంచు నాణేల లెక్క. క్రీ.పూ. 211 ప్రాంతంలో, కార్తేజ్ సేనాని హన్నిబాల్‌తో యుద్ధం నడుస్తుండగా, రోమ్ తన నాణేల వ్యవస్థను మొదటి నుంచి సరిచేసుకోవాల్సి వచ్చింది. అప్పుడు కొట్టిన కొత్త వెండి నాణెం విలువ పది అస్‌లు. అది అందరికీ తెలియడానికి నాణెం మీదే పదికి గుర్తయిన రోమన్ అంకె వేశారు. మొదట్లో దాని బరువు నాలుగున్నర గ్రాముల దాకా ఉండేది. కొన్నేళ్లలోనే నాలుగు గ్రాముల లోపుకు దిగింది.

ఆ పేరు అర్థం డెబ్బై ఏళ్లు మాత్రమే నిలిచింది. క్రీ.పూ. 141 ప్రాంతంలో కంచు నాణేల విలువ పడిపోతే, ఒక దేనారియుస్‌కు 16 అస్‌లని కొత్త లెక్క కట్టారు. పేరు మాత్రం ‘పదేసి’ అనే ఉండిపోయింది. రోమన్లకు ఇలాంటివి అలవాటేననుకోవాలి. డిసెంబర్‌లో ఉన్నదీ ఇదే దెకెమ్. పదో నెల పన్నెండో నెలయ్యాక కూడా దాని పేరు మార్చాలని ఎవరికీ అనిపించలేదు. మన కథకు పనికొచ్చే విషయం ఏమిటంటే, ఈ మాటకు తన అసలు అర్థంతో సంబంధం రోమ్‌లో ఉండగానే తెగిపోయింది. ఆ తర్వాత అది వెండికి, బంగారానికి, రాగికి, కాగితానికి, ఆఖరికి దారానికి అంటుకున్నా అడ్డు చెప్పేవాళ్లు లేరు.

ఈ వెండి నాణెం మన నేల మీదికి రావడానికి ఎంతో కాలం పట్టలేదు. నల్గొండ జిల్లా అక్కనపల్లిలోనూ, కరీంనగర్ వైపు నస్తులాపూర్‌లోనూ దేనారియుస్‌ల నిధులు దొరికాయి. పల్నాడులో వినుకొండ దగ్గర రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. ప్లినీ అనే రోమన్ పండితుడు క్రీ.శ. 1వ శతాబ్దంలో దీని గురించే వాపోయాడు. భారతదేశం ఏ ఏడూ తమ దగ్గర నుంచి 5 కోట్ల సెస్టెర్టియస్‌లకు తక్కువ లాక్కోవడం లేదన్నాడు. నాలుగు సెస్టెర్టియస్‌లు ఒక దేనారియుస్, అంటే 1.25 కోట్ల దేనారియుస్‌లు. ఆయన చెప్పిన అంకెను అక్షరాలా నమ్మక్కర్లేదు. కోపంలో చెప్పిన లెక్క అది. కానీ నల్ల మిరియాలు పౌనుకు 4 దేనారియుస్‌లని రాసింది కూడా ఆయనే. చక్రవర్తి అగస్టస్ కాలంలో రోమన్ సైనికుడి ఏడాది జీతం 225 దేనారియుస్‌లు. ఆ జీతగాడు మిరియాలు కొనాలంటే ఎంత ఆలోచించుకోవాలో ఊహించుకోవచ్చు.

మన దేశంలో దొరికే రోమన్ వెండి నాణేల్లో రెండు రకాలు మరీ ఎక్కువ. ఒకటి అగస్టస్‌ది, రెండోది తిబెరియస్‌ది. ఈ రెండో నాణేన్ని కాస్త దగ్గరగా చూడాలి. ఒకవైపు ఆకుల దండ కట్టుకున్న చక్రవర్తి తల, చుట్టూ ‘తిబెరియస్ సీజర్, దివ్యుడైన అగస్టస్ కుమారుడు, అగస్టస్’ అని సంక్షిప్తంగా రాత. రెండోవైపు కుర్చీలో కూర్చున్న స్త్రీ, ఆమె చేతిలో ఒక దండం, ఒక కొమ్మ, ‘మహా పూజారి’ అన్న బిరుదు. సువార్తల్లో ఒక సన్నివేశం ఉంది. సీజరుకు పన్ను కట్టవచ్చా అని అడిగినవాళ్లను యేసు ఒక నాణెం చూపించమంటాడు, దాని మీద బొమ్మ ఎవరిదని అడుగుతాడు. ఆ నాణెం ఈ తిబెరియస్ దేనారియుసేనని సంప్రదాయంగా చెబుతారు. జెరూసలేములో ఆయన చేతికిచ్చారని చెప్పే నాణెం రకమే మన దేశంలోని నిధుల్లోనూ గుట్టలుగా ఉంది.

తెలుగు బైబిల్లో ఆ సన్నివేశం చూడండి. యేసు అడిగేది ‘పన్నురూక’ను, వాళ్లు తెచ్చేది ‘దేనారము’ను, దాని మీద ఉన్నది ‘కైసరు’ బొమ్మ. ద్రాక్షతోట యజమాని కూలీలతో రోజుకు ఒక దేనారమని ఒప్పందం చేసుకునే కథ కూడా అందులోనే ఉంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో ఇదే కూలి ‘పెన్నీ’ అయింది. చదివేవాళ్లకు తెలిసిన డబ్బు కావాలనుకున్నారు వాళ్లు. తెలుగు అనువాదకులు అణా అనో బేడ అనో రాయకుండా గ్రీకు మూలంలోని నాణెం పేరే ఉంచేశారు. నా దృష్టిలో అది మంచి నిర్ణయం. పెన్నీ అని చదివిన ఇంగ్లీషువాడికి ఆ యజమాని పీనాసిలా కనపడి ఉంటాడు. దేనారమని చదివిన తెలుగువాడికి అది ఒక రోజు కూలి అని కథే చెబుతుంది.

ఇక్కడ ‘దే’కూ ‘దీ’కూ ఉన్న తేడా సంగతి తేల్చుకోవాలి. లాటిన్‌లో ఆ మొదటి అచ్చు దీర్ఘ ఏకారం. గ్రీకులు కూడా దాన్ని ‘దేనారియోన్’ అని ఏకారంతోనే రాసుకున్నారు. కానీ ఆ అక్షరాన్ని గ్రీకు జనం కాలక్రమంలో ‘ఈ’ అని పలకడం మొదలుపెట్టారు. తూర్పు దేశాలవాళ్లు ఆ మాటను నేర్చుకున్నది వ్యాపారుల నోటి నుంచి. అందుకే సంస్కృతంలో దీనార, సిరియాక్‌లో దీనారా, అరబిక్‌లో దీనార్, అన్నింట్లోనూ ఈకారమే. బైబిల్ మాట పుస్తకం నుంచి వచ్చింది కాబట్టి అందులో రాతలోని ఏకారం నిలిచింది. ఆ లెక్కన పందొమ్మిదో శతాబ్దపు బైబిల్ అనువాదాల ‘దేనారము’ అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందొచ్చిన ‘దీనారం’ కంటే లాటిన్ ఉచ్చారణకు దగ్గర.

ఇక పెద్ద చిక్కుముడి ఒకటుంది. రోమ్‌లో దేనారియుస్ వెండి నాణెం. మన దీనారం, అరబ్బుల దినార్ బంగారువి. లోహం ఎక్కడ మారింది?

రోమ్‌లోనే మారడం మొదలైంది. వాళ్ల బంగారు నాణెం విలువ 25 వెండి దేనారియుస్‌లు. దాన్ని ‘ఆరియుస్’ అంటారు. ఆ మాటకు అర్థం ‘బంగారపుది’ అని మాత్రమే. పూర్తి పేరు దేనారియుస్ ఆరియుస్, అంటే బంగారు దేనారం. రోమన్లు పొట్టిగా పిలిచేటప్పుడు రెండో సగం ఉంచుకున్నారు, తూర్పువాళ్లు మొదటి సగం ఉంచుకున్నారు. తర్వాత 3వ శతాబ్దంలో రోమ్‌లో వెండి దేనారియుస్‌లో వెండి తగ్గుతూ తగ్గుతూ ఆ నాణెమే పనికిరాకుండా పోయింది. మిగిలిన గౌరవమంతా బంగారానిదే కాబట్టి పేరు బంగారంతో ఉండిపోయింది.

భారతదేశంలో 2వ శతాబ్దపు మొదట్లో కుషాణ రాజు విమ కద్‌ఫిసెస్ బంగారు నాణేలు పెద్ద ఎత్తున కొట్టించాడు. వాటి బరువు సుమారు 8 గ్రాములు, అగస్టస్ నాటి ఆరియుస్‌కు బాగా దగ్గర. ఇక తెలుగు నేల మీద ఈ పేరు కనిపించేది నాగార్జునకొండలో. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో, ఉజ్జయిని రాజు కూతురైన మహాదేవి రుద్రధర భట్టారిక మహాచైత్యానికి ఒక రాతిస్తంభం, దాంతోపాటు 170 ‘దినారి మాషకాలు’ ఇచ్చిందని ప్రాకృత శాసనం చెబుతుంది. మాషం అంటే మినుము. మినపగింజ బరువుతో మొదలైన చిన్న తూకానికి ఆ పేరు. రోమన్ నాణెం పేరు, మన మినపగింజ పేరు పక్కపక్కన కూర్చున్న జంట మాట అది. తొలి తెలుగు శాసనంగా చెప్పే కలమళ్ల శాసనం 575 ప్రాంతానిది. అంటే తెలుగు రాతలోకి రావడానికి దాదాపు మూడు వందల ఏళ్ల ముందే దినారి అన్న మాట కృష్ణ ఒడ్డున రాతిమీద ఉంది.

గుప్తుల కాలానికి దీనారం పక్కా లెక్కల మాట అయిపోయింది. సాంచిలో 412 ప్రాంతపు శాసనంలో రెండో చంద్రగుప్తుడి అధికారి ఆమ్రకార్దవుడు 25 దీనారాలు దానం చేశాడు. వాటి మీద వచ్చేదాంతో భిక్షువులకు భోజనం పెట్టాలి, దీపం వెలిగించాలి. ఇప్పటి బంగ్లాదేశ్‌లో దొరికిన బైగ్రామ్ రాగి రేకు మీది లెక్క ఇంకా బాగుంటుంది. అది 447 ప్రాంతానిది. అందులో కుల్యవాపం అనే కొలత భూమి రేటు 2 దీనారాలు. కొన్నది 3 కుల్యవాపాలు, పైన 2 ద్రోణవాపాలు. కట్టింది 6 దీనారాలు, 8 రూపకాలు. మూడు కుల్యవాపాలకు 6 దీనారాలు సరిపోయాయి. 8 ద్రోణవాపాలు ఒక కుల్యవాపం కాబట్టి, మిగిలిన 2 ద్రోణవాపాలంటే కుల్యవాపంలో పావు వంతు, ఖరీదు అర దీనారం. ఆ అర దీనారానికి 8 రూపకాలు కట్టారు. అంటే ఒక దీనారానికి 16 వెండి రూపకాలు. మారకం రేటు ఎవరూ విడిగా రాసిపెట్టలేదు, రిజిస్ట్రేషన్ కాగితం లాంటి ఆ రేకే చెప్పేసింది. ఆ రూపకమే తెలుగులో ‘రూక’ అయింది. పన్నురూకలో ఉన్నది అదే. కాబట్టి బైగ్రామ్ రేకు మీద పక్కపక్కన ఉన్న జంట, తెలుగు బైబిల్లో ఒకేచోట మళ్లీ కలిసింది.

అమరసింహుడి సంస్కృత నిఘంటువు అమరకోశం, బంగారానికి సంబంధించిన నిష్క శబ్దానికి అర్థాలు చెబుతూ వాటిలో దీనారాన్నీ చేర్చింది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. నిష్కం వేదకాలం నాటి మాట, దీనారం పరదేశి. నిఘంటువు ఎప్పుడూ తెలియని మాటను తెలిసిన మాటతోనే చెబుతుంది. అమరసింహుడి నాటికి చదువుకునేవాళ్లకు పరదేశి మాటే బాగా తెలుసన్నమాట.

ఆ తర్వాత వైయాకరణులు, మాటలు ధాతువుల నుంచి ఎలా పుట్టాయో చెప్పే ఉణాది సూత్రాల్లో దీనారానికి ఒక సంస్కృత ధాతువు కూడా చూపించారు. దీన్ని పట్టుకునే ఇప్పుడు కొందరు, దీనారం మన మాటేనని, రోమన్లే మన దగ్గర ఎత్తుకుపోయారని అంటారు. తేదీలు అందుకు ఒప్పుకోవు. రోమ్‌లో ఆ పేరు క్రీ.పూ. 211 నాటిది, దాని అర్థం నాణెం మీదే అంకెగా ఉంది. మన దగ్గర ఆ మాట రోమన్ నాణేలు దిగిన తర్వాతే కనపడుతుంది. అయితే ఆ వాదన చేసేవాళ్లకు ఊరటగా ఒక నిజం ఉంది. లాటిన్ దెకెమ్, సంస్కృత దశ ఒకే మూలభాష నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లు. కాబట్టి దశమికీ దీనారానికీ దూరపు చుట్టరికం ఉన్నమాట నిజమే. అది ఒకరి నుంచి ఒకరు తీసుకున్నది కాదు, పుట్టుకతో వచ్చింది.

కశ్మీరులో ఈ మాట పూర్తిగా దారి మళ్లింది. కల్హణుడు 12వ శతాబ్దంలో రాసిన రాజతరంగిణిలో, అవంతివర్మ అనే రాజు కాలంలో సుయ్యుడు అనేవాడు నదికి కట్టలు కట్టి నీటిని దారిలో పెట్టాక, అంతకుముందు 200 దీనారాలున్న ఖారి వడ్ల ధర 36కు దిగిందని ఉంది. ఖారి అంటే మనిషి మోయగలిగిన దాని కంటే ఎక్కువ ధాన్యం, నిజమే. అయినా ఒక్క ఖారి వడ్లకు 36 బంగారు నాణేలా? అక్కడ దీనారమంటే బంగారం కాదు. చిల్లర లెక్కకు వాడే చాలా చిన్న కొలత. ఈ సంగతి తెలియకుండా చదివితే ప్రాచీన కశ్మీరంలో వడ్లు బంగారంతో తూచేవారన్న గొప్ప కథ తయారవుతుంది. అలాంటి కథలు మనకు కొత్తేమీ కాదు.

తెలుగులో దీనారానికి పేరు తెచ్చింది శ్రీనాథుడు. ‘దీనారటంకాలఁ దీర్థమాడించితి దక్షిణాధీశు ముత్యాలశాల’ అన్న చాటుపద్య పాదం చాలామందికి నోటికొచ్చు. విజయనగరంలో ప్రౌఢదేవరాయలు చేయించిన కనకాభిషేకాన్ని గుర్తుచేసుకుంటూ అన్న మాట. ప్రౌఢదేవరాయలు 1424 నుంచి 1446 దాకా పాలించాడు. విజయనగర టంకశాలలో కొట్టినవి వరాహాలు, వాటి భాగాలు. కవిగారి తల మీద పడినవి ఏ నాణేలైనా, పద్యంలోకి మాత్రం వరాహం రాలేదు, దీనారం వచ్చింది. అప్పటికి ఆ మాటకు తెలుగు కవి దృష్టిలో ఏ రాజ్యంతోనూ పనిలేదు. అది బంగారపు వైభవానికి సంస్కృతం ఇచ్చిన పేరు, అంతే.

అరబ్బుల దారి వేరు. వాళ్ల పొరుగున ఉన్న బైజాంటియన్ (తూర్పు రోమన్) సామ్రాజ్యం బంగారు నాణేన్ని కొట్టేది, దాన్ని సిరియా ప్రాంతంలో దీనార్ అనేవాళ్లు. ఖురాన్‌లో కూడా దీనార్ ప్రస్తావన ఉంది. ఇస్లామిక్ రాజ్యం ఏర్పడిన మొదట్లో బైజాంటియన్ నాణేలనే, శిలువ గుర్తును మార్చి కొట్టుకున్నారు. ఖలీఫా అబ్దుల్ మలిక్ హిజ్రీ 77లో, అంటే 696-97లో, బొమ్మలన్నీ తీసేసి అక్షరాలు మాత్రమే ఉన్న దీనార్ తెచ్చాడు. బరువు 4.25 గ్రాములు. దాని పక్కన వెండిది దిర్హమ్, రాగిది ఫల్స్. దిర్హమ్ గ్రీకుల ద్రాఖ్మా నుంచి వచ్చింది. హిందీ ‘దామ్’ కూడా ఆ ఇంటిదే. ఫల్స్ మళ్లీ లాటిన్. ‘ఫొల్లిస్’ అంటే తోలు సంచి, తర్వాత ఒక నాణెం. ఇప్పుడు కువైట్ దినార్‌లో వెయ్యోవంతు ఫిల్స్. డబ్బులను ‘ఫులూస్’ అనడం గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చినవాళ్ల నోట వినే ఉంటారు. అది కూడా ఆ తోలు సంచే.

ఐరోపాలో ఇదే మాట వెండితోనే ఉండిపోయి, సన్నబడుతూ వచ్చింది. 8వ శతాబ్దం చివర ఫ్రాంకుల రాజు షార్లమేన్ ఒక పౌను వెండికి 240 దేనారియుస్‌లని లెక్క స్థిరపరిచాడు. పన్నెండు దేనారియుస్‌లు ఒక సోలిదుస్, ఇరవై సోలిదుస్‌లు ఒక పౌను. ఇంగ్లండ్ ఆ లెక్కను అందుకుని, తన పెన్నీకి గుర్తుగా ‘డి’ అక్షరం రాసుకుంది. పెన్నీలో డి లేదు కదా అని మన తాతల కాలం విద్యార్థులు తికమకపడేవాళ్లు. అది దేనారియుస్‌లోని మొదటి అక్షరం. 1971 ఫిబ్రవరి 15న బ్రిటన్ దశాంశ పద్ధతికి మారేదాకా ఆ డి బతికే ఉంది. అమెరికా హార్డ్‌వేర్ దుకాణాల్లో మేకుల సైజుకు ఇంకా ఉంది. స్పెయిన్‌లో దినేరో, పోర్చుగల్‌లో దిన్యేరు, ఇటలీలో దెనారో. ఈ మూడుచోట్లా అది ఏ నాణేనికీ పేరు కాదు, డబ్బు మొత్తానికీ పేరు.

సెర్బియాలో మధ్యయుగాల నుంచీ దినార్ ఉంది. 1993లో యుగోస్లావియా ధరలు అదుపు తప్పినప్పుడు, 50,000 కోట్ల దినార్ల నోటు అచ్చువేశారు. ఒక్క నోటు మీద అన్ని సున్నాలు! ఇరాన్‌లో దినార్ లెక్కల్లో మిగిలింది. వంద దినార్లు ఒక రియాల్, ఆ రియాల్‌తోనే ఇప్పుడు ఏమీ రాదు.

మరి కువైట్ దినార్ ప్రపంచంలో అన్నిటికంటే ఖరీదైన కరెన్సీ ఎలా అయింది? చమురు ఉంది, నిజమే. కానీ ఆ దినార్ పెద్ద సైజులో పుట్టడానికి కారణం చమురు కాదు, బ్రిటిష్ పౌను. మధ్యలో మన రూపాయి కూడా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మన దేశం నుంచి వెళ్లిన బ్రిటిష్ సేనలతోపాటు ఇరాక్‌లోకి రూపాయి వెళ్లింది, అక్కడ చెలామణీ అయింది. 1932లో ఇరాక్ తన దినార్ తెచ్చుకున్నప్పుడు దాని విలువను సరిగ్గా ఒక పౌనుకు సమానంగా పెట్టారు. ఒక దినార్‌కు 13 రూపాయలు, పైన రూపాయిలో మూడో వంతు. ఈ వింత అంకె ఎక్కడిది? అప్పుడు రూపాయి విలువ 1 షిల్లింగ్ 6 పెన్నీలు, అంటే 18 పెన్నీలు. పౌనుకు 240 పెన్నీలు. 240ని 18తో భాగించండి, వచ్చేది అదే.

కువైట్‌లో కూడా రూపాయే నడిచేది. బంగారం దొంగరవాణాతో మన విదేశీ మారకం కరిగిపోతోందని, 1959లో రిజర్వ్ బ్యాంక్ గల్ఫ్ కోసమే విడిగా నోట్లు వేసింది. 1961లో కువైట్ తన దినార్ తెచ్చుకుంది. అదీ పౌనుకు సమానమే, మళ్లీ అదే 13 రూపాయల చిల్లర. బహ్రెయిన్ 1965లో తన దినార్‌ను 10 రూపాయలకు పెట్టింది. అప్పటి నుంచి రూపాయి, పౌను రెండూ పడుతూ వచ్చాయి, కువైట్ దినార్ గట్టిగా నిలబడింది. అందుకే ఇప్పుడు ఒక్క దినార్ 250 రూపాయలు ఎప్పుడో దాటేసింది. ఇందులో నాకు నవ్వొచ్చేది ఒకటుంది. పౌను అంటే 240 దేనారియుస్‌లు. కువైట్ దినార్ పౌనుకు సమానం. అంటే 1961 మారకం రేటు ప్రకారం ఒక దేనారియుస్ 240 దేనారియుస్‌లకు సమానం. వెయ్యేళ్లు విడిపోయి బతికిన ఒకే మాట రెండు వైపుల నుంచీ వచ్చి ఒకే పట్టికలో కూర్చుంటే ఇలాగే ఉంటుంది.

నాలుగోది డెనియర్. ఇది ఫ్రెంచి రూపం, ఫ్రెంచివాళ్లు ‘దెనియే’ అంటారు, మనవాళ్లు ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి డెనియర్ అన్నారు. ఫ్రాన్స్‌లో అది చిన్న నాణెం, దాంతోపాటు చిన్న తూకం కూడా. నాణెం పోయింది, తూకం పట్టు వ్యాపారంలో మిగిలింది. పట్టుపోగు ఎంత సన్నమో చేతితో, కంటితో చెప్పలేం. అందుకని ఒక నిర్ణీత పొడవు పోగు తీసి తూచేవారు. ఆ పద్ధతి చివరికి 450 మీటర్ల పోగు ఎన్ని 0.05 గ్రాములు తూగుతుందో అన్న లెక్కగా స్థిరపడింది. రెండింటినీ ఇరవైతో హెచ్చవేస్తే, 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములో అన్నదే డెనియర్. 9,000 అన్న అడ్డదిడ్డమైన అంకె వెనక ఉన్నది ఇదే.

పట్టుగూడు నుంచి వచ్చే పోగు రెండు మూడు డెనియర్లు ఉంటుంది. అంత సన్నని పోగు మగ్గం మీద నిలవదు కాబట్టి, ఏడెనిమిది గూళ్ల పోగులు కలిపి ఒకటిగా తీస్తారు. అదే 20/22 డెనియర్ ముడిపట్టు. గూడు మొదట్లో ఒక మందం, చివరికొచ్చేసరికి ఇంకో మందం ఉంటుంది గనక ఒకే అంకె చెప్పడం కుదరదు, అందుకే 20కి 22కి మధ్య అని రెండంకెలు. తొమ్మిది కిలోమీటర్ల పోగు, బరువు పాతిక గ్రాములు కూడా ఉండదు. అదే స్కూల్ బ్యాగు మీద 600 డెనియర్ అని ఉంటే, ఆ పాలియెస్టర్ నూలు 9 కిలోమీటర్లు అరకిలోకు పైన తూగుతుంది. అయితే అంకె పెద్దదైతే బ్యాగు గట్టిదని దుకాణదారు చెప్పేది సగమే నిజం. డెనియర్ నూలు బరువు మాత్రమే చెబుతుంది. నేత ఎంత దగ్గరగా ఉంది, కుట్టు ఎలా ఉంది, లోపల పూత ఉందా లేదా అన్నది చెప్పదు. బ్యాగులు చిరిగేది చాలావరకు కుట్టు దగ్గరే.

కొలతల సంస్థలు డెనియర్ బదులు ‘టెక్స్’ వాడమంటాయి. వెయ్యి మీటర్లు ఎన్ని గ్రాములో అదే టెక్స్, లెక్కకు సులువు. తొమ్మిది డెనియర్లు ఒక టెక్స్. ఆ లెక్కన 20/22 ముడిపట్టు రెండు టెక్స్‌ల కంటే కాస్త ఎక్కువ. కానీ పట్టు బేరంలో టెక్స్‌లో అడిగితే వ్యాపారి మళ్లీ ‘ఎన్ని డెనియర్లు?’ అనే అడుగుతాడు.